ఫ్యాన్ల హోరు

"నీ చెయ్యి పడితే ఏదైనా పాడవ్వాల్సిందే," అన్నాడు భర్త, ఆమె చేతిలోంచి టీ కప్పు అందుకుంటూ.

ల్యాప్‌టాప్ అతనిది. ఆటల కోసం ముచ్చటపడి కొనుక్కున్నది. అతను ఆఫీసుకెళ్లాక ఆమె వాడుకుంటోంది. పెళ్లికి ముందు ఇళ్ల లోపలి డిజైన్లు చేసే ఆఫీసులో పనిచేసేది. పాప బడికి వెళ్లడం మొదలయ్యాక మళ్లీ వస్తానంటే, వాళ్లొక ఇంటి ప్లాన్ పంపి, ఈ వారంలో వీడియో చేసి చూపించమన్నారు. అది సగానికి రాగానే ల్యాప్‌టాప్ టప్పున ఆగిపోతోంది.

"నేను ఆడితే ఆగదే?" అంటాడతను. "వాడి వస్తువు వాడికుంచమ్మా," అంటుంది అత్తగారు. ఈ ఇంట్లో ఎవరూ అరవరు. లోపం తనలోనే ఉందని ఆమె నమ్మేంత మెత్తగా అంటారు.

ఆ రోజు గిన్నెలు సింకులోనే వదిలేసి, లోపలి వేడి కొలతలు చూపించే ప్రోగ్రాం తెరిచింది. అన్నీ అంకెలు. ప్రాసెసర్‌లో ఒక్కో భాగానికి ఒక్కోటి. గ్రాఫిక్స్ చిప్‌కి మొత్తం వేడి ఒకటి, అన్నిటికన్నా కాలే చోటు వేడి ఇంకొకటి. ఓపిగ్గా చదివి తెలుసుకుంది. ఎనభై అయిదు డిగ్రీల దాకా భయం లేదు. తొంభై అయిదు దాటితే చిప్ తనే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే కాలిపోకుండా మెషీన్ ఆగిపోతుంది. వీడియో తయారీ మొదలుపెట్టి చూస్తూ కూర్చుంది. ఎనభై, తొంభై, తొంభై ఏడు. లోపల చల్లబరిచే ఫ్యాన్ల వేగం చూపే అంకె మాత్రం కదల్లేదు. ఎందుకో అని సెట్టింగుల్లో వెతికితే దొరికింది. ఎవరో ఫ్యాన్లు చప్పుడు చెయ్యకుండా 'సైలెంట్'లో పెట్టి ఉంచారు.

సాయంత్రం అడిగింది.

"నేనే పెట్టా," అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా. "నువ్వా బొమ్మలు పెట్టుకుంటే ఒకటే హోరు. అమ్మకి టీవీ వినపడట్లేదట."

"మరి మీరు ఆడేటప్పుడు?"

"అప్పుడు మార్చుకుంటా. లేకపోతే ఆగిపోతుందిగా."

ఎంత మామూలుగా అనేశాడు! తెలుసన్నమాట. తన చెయ్యే మంచిది కాదేమోనని ఆమె కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నాడు. కక్షతో కాదు, చెప్పాలని తోచలేదంతే. కక్షైనా బాగుండేది, దెబ్బలాడ్డానికి ఏదో ఒకటి దొరికేది.

లేచి ల్యాప్‌టాప్ తెచ్చి హాల్లో భోజనాల బల్ల మీద పెట్టింది. ఫ్యాన్లని పూర్తి వేగానికి మార్చి వీడియో తయారీ మళ్లీ మొదలుపెట్టింది. ఇల్లంతా హోరు నిండింది. వేడి ఎనభై రెండు దగ్గర నిలబడిపోయింది.

"సీరియల్ వినపడట్లేదమ్మా, ఆపు," అంది అత్తగారు.

అలవాటుగా ఆమె చెయ్యి ముందుకెళ్లింది. వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"కాసేపు పడుతుందత్తయ్యా. పని చేసుకుంటున్నాను."

వీడియో చివరిదాకా వచ్చింది. ఆఫీసుకి పంపిస్తుండగా అతను వంటింట్లోకి తొంగిచూసి వచ్చాడు.

"ఇంకా వంట కాలేదా?"

"లేదు," అందామె తెర మీంచి చూపు తిప్పకుండా. "నాకూ ఆకలేస్తోంది. ఏం వండుతున్నారు?"