పాల్ ఖాతాలో నేను

ఆదివారం చర్చి నుంచి వచ్చి నేను రొయ్యలు ఒలుస్తుంటే, మా తోడికోడలు రూబీ గుమ్మం పక్కన కూర్చుని ఈ-రీడర్‌లో ఏదో పుస్తకం చదువుకుంటోంది. తన వంతు పని ముగించుకునే కూర్చుంది. అయినా నాకు ఒళ్లు మండింది.

ఈ-రీడర్ నాకూ ఉంది. పెళ్లిరోజుకి మా ఆయన పాల్ కొనిచ్చాడు. "పాస్‌వర్డ్‌లు నీకు గుర్తుండవులే" అని తన ఖాతాతోనే మొదలుపెట్టాడు. దాన్ని తయారుచేసిన కంపెనీ దుకాణంలో కొన్న పుస్తకాలే అందులో సరిగ్గా తెరుచుకుంటాయి. నేనేది తెరిచినా ఆయన ఫోన్‌లో కనిపిస్తుంది. పోయిన నెల అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు, "ఏటే, మొగుణ్ణి వొదిలేసినదాని కథ సదువుతన్నావు? నాకేటైనా సెప్పాలా?" అన్నాడు. అత్తగారు పొలమారేలా నవ్వింది. కూర వడ్డిస్తూ నేనూ నవ్వాను. ఆ పుస్తకం మళ్లీ తెరవలేదు. ఆమదాలవలసలో పిల్లలకి పాఠాలు చెప్పే పంతులమ్మనై ఉండి, ఏ పుస్తకం ముట్టుకోబోయినా ముందు ఆయన నవ్వు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతోంది.

రూబీది వేరే రకం. తెలుగు అక్షరాలు తనకి నచ్చిన రూపంలో, నచ్చినంత పెద్దగా పెట్టుకుంది. స్నేహితురాళ్లు పంపిన కథలు, వాళ్లమ్మ పాడే పాటలు రాసిపెట్టుకున్నవి, ఏవైనా తనే ఎక్కించుకుంటుంది. చదవనప్పుడు తెర మీద కంపెనీ ప్రకటన వచ్చే చోట నౌపడ ఉప్పుమడుల ఫొటో పెట్టింది.

"కళ్లు పోతాయే" అన్నాను. నా గొంతులో ప్రేమ లేదని నాకే తెలుస్తోంది.

"పోవక్కా. కాగితంనాగే ఉంటాది."

"నువ్వేటి సదువుతన్నావో మీ ఆయన సూడడా?"

రూబీ తలెత్తి నావైపు చూసింది. నేనేం అడిగానో ఆ పిల్లకి నిజంగానే అర్థం కాలేదు. "ఆయనకేటి పనక్కా? ఇది నాది గదా!"

ఒకరి నగ చూసి, చీర చూసి నేనెప్పుడూ అంత కుళ్లుకోలేదు. ఆ అక్షరాల మీద కాదు, ఆ ఫొటో మీదా కాదు నా అసూయ. అలాంటి ప్రశ్న ఒకటుంటుందనే తెలియకుండా బతుకుతోందే, దాని మీద. నా వేళ్ల మధ్య రొయ్య నలిగిపోయింది.

చెయ్యి కడుక్కుని వెళ్లి రూబీ పక్కన కూర్చున్నాను.

"నేనూ ఇలాటిది కొనుక్కుంటాను. అన్నీ నువ్వు సేసి పెట్టకు. నాకు నేర్పు."

జీతం రాగానే కొనుక్కుని, నా పేరుతో నేనే మొదలుపెట్టుకున్నాను. పాల్ ఇచ్చినదాన్ని ఆయన బల్ల మీదే పెట్టేశాను. కొన్నాళ్లకి అన్నం తింటూ ఆయనే కదిపాడు.

"నువ్వేటి సదువుతన్నావో నాకసలు తెల్డం లేదే."

"నన్నడగండి" అన్నాను. "సెప్పాలనిపిస్తే సెప్తాను."