నీళ్లు నిండుకున్నాయి

స్టార్టరు డబ్బా మూత విప్పి శివప్ప ముందుగా బల్లిగుడ్లు తీశాడు. రెండున్నాయి, శనగగింజలంత. వాటిని కాగితంలో పెట్టి కిటికీ అవతల వదిలి, పాత పళ్ల బ్రష్షుతో చీమలు పెట్టిన మన్ను దులిపాడు. బోరు మోటార్ల డబ్బాలన్నీ ఇంతే. పొలంలో ఎండ తగలని చోటు అదొక్కటే కాబట్టి పురుగూ పుట్రా అంతా అందులోనే కాపురం పెడుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ కాపురాలు ఖాళీ చేయించడం శివప్ప పనిలో సగం.

అతనికి అరవై ఒకటి. సన్నటి మనిషి. కళ్లజోడుకు ఒకవైపు కాడ పోతే రాగితీగ చుట్టుకున్నాడు. సోల్డరింగు కడ్డీ కాల్చీ కాల్చీ కుడిచేతి బొటనవేలికి స్పర్శ పోయింది. అనంతపురం టవర్ క్లాక్ వెనక సందులో రేకుల గది అతని దుకాణం. మేజా, కంప్యూటరు, కుక్కిమంచం, గోడకు నిరుటి క్యాలెండరు. పక్కగదిలో షరీఫ్ కాలిపోయిన మోటార్లకు వైండింగు చుడతాడు. ఆ కాలిన వాసన గోడ దాటి వస్తూనే ఉంటుంది.

శివప్ప తయారుచేసిన డబ్బా మామూలు స్టార్టరు కాదు. పొలానికి కరెంటు రాగానే రైతుకు ఫోన్ చేసి చెబుతుంది. ఇంట్లో కూర్చుని ఒకటి నొక్కితే మోటరు తిరుగుతుంది, రెండు నొక్కితే ఆగుతుంది. బోరు అడుగంటితే మోటరు కాలకముందే తనంతట తాను ఆపేసి, ఆ సంగతీ ఫోన్ చేసి చెబుతుంది. చెప్పేది ఆడగొంతు. శివప్ప భార్య ఉమాదేవి గొంతు. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది. చుట్టుపక్కల పొలాల్లో రెండు వందల పైచిలుకు డబ్బాల్లో ఇంకా మాట్లాడుతూనే ఉంది.

శుభ్రం చేసిన డబ్బాకు కరెంటు ఇచ్చాడు. మేజా మీద ఫోను మోగింది. తెరమీద ‘ఉమ’ అని పడింది. ఆమె పోయాక ఆమె సిమ్మును పారేయలేక, డబ్బాల్లో వేసి పరీక్షలకు వాడుకుంటున్నాడు. ఫోనెత్తి చెవికి ఆనించుకున్నాడు.

“కరెంటు వచ్చినాది. మోటరు వేయాలంటే ఒకటి నొక్కండి.”

డబ్బా బాగుందని తెలియడానికి మొదటి మాట చాలు. అయినా శివప్ప చివరిదాకా విని గానీ ఫోన్ పెట్టడు. మూత బిగించి పక్కన పెట్టి, కంప్యూటరు వేశాడు.

డబ్బాలో ఉండే చిప్పుకు ఎప్పుడేం చేయాలో నేర్పే ప్రోగ్రాము శివప్పే రాశాడు. రాసేందుకు ఒక సాఫ్ట్‌వేరు కావాలి. ఎక్కడో పరాయిదేశం కంపెనీది, రెండువేల ఏడులో కొన్నాడు. దానితోపాటు బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క ఇచ్చారు. కంప్యూటరు వెనక అది గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది. శివప్ప దాన్ని తాళం అంటాడు. తాళం వదులైపోతే రబ్బరుబ్యాండు వేసి నిలబెట్టాడు.

అది తెరిచిన ప్రతిసారీ కొత్త వెర్షన్‌కు మారతావా అని ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమయ్యేది. కింద రెండు బటన్లు. ఒకటి ‘ఇప్పుడే’, ఇంకోటి ‘తర్వాత’. రెండేళ్లు ఉచితంగానే ఇస్తామన్నారు. ఆ రెండేళ్లూ శివప్ప ‘తర్వాత’ నొక్కాడు. నడుస్తున్న దాన్ని కెలకడమెందుకని భయం. తర్వాత ఆ పెట్టె రావడం మానేసింది. అవసరం పడి కంపెనీకి ఉత్తరం రాస్తే, మీరు వాడుతున్న వెర్షన్‌కు మద్దతు ముగిసింది, మీ పాత ఫైళ్లు కొత్తదానిలో పనిచేయవు అని రెండు వరుసల జవాబు వచ్చింది. షరీఫ్ దాన్ని చదివించుకుని పగలబడి నవ్వాడు.

“ఏమన్నా, శనక్కాయలకు మాదిరి సాఫ్ట్‌వేరుకూ మద్దతు ఇస్తారా?”

“ఇచ్చేవోళ్లంట. తీసేసినారు” అన్నాడు శివప్ప. అతనికి నవ్వు రాలేదు.

పదకొండు దాటాక గడప దగ్గర మద్దిలేటి కనిపించాడు. నార్పల దిక్కు రైతు, మూడు వందల చీనీ చెట్లున్న బత్తాయి తోట ఆసామి, శివప్ప డబ్బాను మొట్టమొదట కొన్నవాళ్లలో ఒకడు. కంటి ఆపరేషనైనట్టుంది, నల్లద్దాలు పెట్టుకున్నాడు. వెనక కోడలు లావణ్య. ఇరవై ఆరేళ్ల పిల్ల, ఎండకు మొహం కమిలిపోయింది. చంకలో స్టార్టరు డబ్బా ఉంది.

“ఏమప్పా శివప్పా, నీ డబ్బా నా తోటను ముంచింది” అన్నాడు మద్దిలేటి, కూర్చోకుండానే.

“ఏమాయె?”

మద్దిలేటి కోడలివైపు తిరిగాడు. “నువ్వే చెప్పు.”

లావణ్య డబ్బాను మేజా మీద దించింది. “మామ ఆపరేషన్‌కు పోయినాడన్నా. మా ఇంటాయన లారీ మీద పోయినాడు. తోట నేనే చూసుకుంటాంటి. పొద్దున్నే మోటరేసినా. అర్ధగంటకు ఫోనొచ్చింది. బోర్లో నీళ్లు నిండుకున్నాయి, మోటరు ఆపినాను అని. నిండుకున్నాయంటే నిండినాయనుకుంటి. ఈ ఎండల్లో బోరు నిండిందని బో సంతోషమాయ నాకు. మల్లా ఒకటి నొక్కినా. మల్లా అదే మాట. నీళ్లు నిండినాయంటాది, మోటరు ఆపుతాది! డబ్బాకే ఏమో అయిందనుకొని కరెంటు పనాయప్పను పిలిపిచ్చి, డబ్బా తీసేసి డైరెక్టు ఇప్పిచ్చినా.”

మిగతాది శివప్పకు చెప్పక్కర్లేదు. నీళ్లు లేని బోరులో మోటరు వట్టిగా తిరిగితే ఏమవుతుందో పక్కగది వాసన రోజూ చెబుతూనే ఉంది.

“ఏడు నూర్ల అడుగుల నుంచి మోటరు పీకి, చుట్టిచ్చి, మల్లా దించేతలికి పదైదు దినాలు” అన్నాడు మద్దిలేటి. “ఇంగ యాడిది తోట? పిందె యావత్తూ రాలిపాయ. నలభై చెట్లు నిలువునా ఎండిపాయ. పిల్లను అనేదానికి ల్యా. బెంగుళూరులో పుట్టి పెరిగింది. కాపురానికొచ్చిన కొత్తలో, బియ్యం నిండుకున్యాయి పాపా అని వాళ్లత్త అంటే, నిండుగ ఉంటే ఇంగెందుకత్తా కొనేది అనె. ఇంటిల్లిపాదీ నవ్వితిమి గానీ, ఆ మాటకు అర్థం ఎవురూ చెప్పకపోతిమి. అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది.”

లావణ్య తల వంచుకుంది.

“నిన్న మోటరు దించినాము. రేపటి నుంచి మల్లా ఆ పిల్లే చూసుకోవాల, నాకు కండ్లు కనపడవు. నువ్వు ఆ మాట మార్చియ్యి. కాదంటే చెప్పు, ఇంగో కంపెనీ డబ్బా పెట్టుకుంటాము.”

శివప్ప స్క్రూడ్రైవరు అందుకున్నాడు. డబ్బా మూత మరలు విప్పసాగాడు. ఒక మర చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లింది.

ఆ మాట అక్కడికి ఎలా వచ్చిందో అతనికి బాగా గుర్తు. మొదటి డబ్బా తయారవుతున్నప్పుడు, వంటింట్లో స్టవ్ ఆర్పించి, తలుపులు మూసి, ఉమాదేవిని మైకు ముందు కూర్చోబెట్టాడు. మూడు మాటలు గడగడా చెప్పేసింది. నాలుగోది ‘బోర్లో నీళ్లు లేవు’ అని రాసిచ్చాడు. ఆమె కాగితం పక్కన పెట్టేసింది.

“లేవు అని నేను అనను. పంట పెట్టుకున్నోళ్ల ఇంటికి ఫోన్ చేసి, లేవు అని చెప్పాల్నా? బియ్యం అయిపోతే ఏమంటాము? నిండుకున్యాయి అంటాము. నీళ్లు అంతకంటే తక్కువనా?”

“కాయితంలో ఉన్నెట్ల చదువే అంటే...”

“ఈ మాట తెలీనోళ్లు ఎవురుండారు మన పక్క?”

నిజమే, అప్పట్లో ఎవరూ లేరు. ఆమె పట్టుదల చూసి ముచ్చటపడి అలాగే ఎక్కించాడు. రైతులు కూడా మెచ్చుకున్నారు. మీ ఇంట్లో ఆయమ్మ మర్యాదగా చెబుతాదప్పా అనేవారు.

ఎనిమిదేళ్ల తర్వాత కొత్తచెరువు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేసి, నీళ్లు నిండుకుంటే మోటరెందుకు ఆగిందని అడిగాడు. శివప్ప దాన్ని తమాషాగా ఇంట్లో చెప్పాడు. అప్పటికే ఉమాదేవికి కిడ్నీలు పాడై మంచం పట్టి ఉంది. నవ్వలేదామె. గోడకు ఆనుకుని లేచి కూర్చుంది.

“తప్పు జరిగిందబ్బా. ఇప్పటి పిల్లోళ్లకు ఆ మాట తెలీదు. యా మోటరన్నా కాలిపోతాది. రికార్డు పెట్టు, లేవు అనే అంటా.”

“ఆమైన జూద్దాంలే. ముందు నీ ఒళ్లు బాగు కానీ.”

మర్నాడు మళ్లీ అడిగింది. ఆ వారంలోనే ఇంకోసారి అడిగింది. ఆమైన, ఆమైన అంటూ వాయిదా వేశాడు. పనులున్నాయన్నాడు, మైకు చెడిందన్నాడు. అన్నీ అబద్ధాలే. అంత నీరసించిన గొంతుతో ఆమె ‘లేవు’ అంటుంటే కూర్చుని వినే ధైర్యం అతనికి లేకపోయింది. మూడు వారాలకు ఆమె పోయింది. తోటలు ఎండిపోతాయని ఆమెకు తెలిసింది, చదివినవాణ్ణి, ప్రోగ్రాము రాసినవాణ్ణి నాకు తెలియలేదు అనుకుంటాడు శివప్ప. తెలియక కాదని కూడా అతనికి తెలుసు.

“మార్చాలంటే నాలుగు మాటలూ మార్చాల. ఒక్కటే తీసేదానికి కాదు” అన్నాడు చివరికి.

“ఎందుకన్నా? ఒక్క లైనే గదా” అంది లావణ్య.

“విడివిడిగా ఉన్నేటివి పాత డిస్కుతో పాటే పోయినాయిమ్మా. ఇప్పుడు నాలుగూ కలిపి ఒకే ముద్ద. ముద్ద చేసేదే ఈ సాఫ్ట్‌వేరుకు తెలుసు. విడదీసేది కొత్తదాంట్లో పెట్టినారంట. అది ఊరికే ఇస్తామన్నెప్పుడు నేను తీసుకోకపోతి.” ఫోన్లో వినిపించే గొంతునే పట్టి మళ్లీ ఎక్కించాలని ఒకసారి చూశాడు. గరగర తప్ప మాట మిగల్లేదు. ఆ సంగతి చెప్పలేదు.

మద్దిలేటి కోడలి చెవిలో ఏదో అన్నాడు. ఆమె శివప్ప వైపు తిరిగి చూసింది.

“అది అక్క గొంతా అన్నా? దినామూ ఇంటాంటి గదా. కరెంటొచ్చిందని చెప్పేటప్పుడు నవ్వుతా ఉన్నెట్లుంటాది.”

శివప్ప అవునన్నట్టు తలూపాడు. “తప్పు నాదేమ్మా. నీది కాదు, ఆయమ్మది కూడా కాదు. తొమ్మిదేండ్ల కిందటే మార్చాల్సింది.” మేజా సొరుగు తీసి దుమ్ము పట్టిన మైకు బయటపెట్టాడు. కాగితం మీద నాలుగు మాటలు పెద్ద అక్షరాలతో రాసి ఆమె ముందుకు తోశాడు. “నువ్వే చెప్పు.”

“నేనా?”

“ఆ మాటతో దెబ్బ తినింది నువ్వే. నువ్వు చెప్తే సరిగ్గా చెప్తావు.”

షరీఫ్‌ను కాసేపు సుత్తి ఆపమని కేకేసి తలుపు మూశాడు. లావణ్య మూడు మాటలు తడబడకుండా చదివింది. నాలుగోదాని దగ్గర ఆగింది. మద్దిలేటి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె గొణిగినట్టు చదివింది.

“గట్టిగా చెప్పమ్మా. రైతుకు ఇనపడాల.”

ఆమె ఊపిరి పీల్చుకుంది. “బోర్లో నీళ్లు లేవు. మోటరు ఆపినాను.”

శివప్ప కంప్యూటరు వైపు తిరిగి ప్రోగ్రామును తయారుచేయమన్నాడు. తాళం దొరకలేదని తెరమీద పడింది. రబ్బరుబ్యాండు సర్ది మళ్లీ నొక్కాడు. దొరకలేదు. తాళం చచ్చిపోయిందని చెప్పేస్తే సరిపోతుంది కదా, ఇంకో కంపెనీ డబ్బా పెట్టుకుంటారు, ఉమ ఎక్కడున్నదో అక్కడే ఉంటుంది అని ఒక్క క్షణం అనిపించింది. ఆ పిల్ల కమిలిన మొహం చూసి సిగ్గుపడ్డాడు. చెయ్యి వెనక్కి పోనిచ్చి, స్పర్శ లేని బొటనవేలితో తాళాన్ని గట్టిగా అదిమి పట్టుకున్నాడు. ఈసారి తెరుచుకుంది. పని ముగిసేదాకా నాలుగు నిమిషాలు, వంగిన నడుముతో అలాగే నిలబడ్డాడు.

ఆ రకం చిప్పులు కంపెనీ చేయడం మానేసి చాలాకాలమైంది. కొత్తది ఒక్కటే మిగిలింది. మద్దిలేటి డబ్బాలోంచి పాత చిప్పును చెరపకుండానే పట్టకారుతో మెల్లగా పెకలించి, తన టిఫిను డబ్బా మూతలో పెట్టాడు. కొత్త చిప్పులోకి ప్రోగ్రాము ఎక్కించి, పాతది ఉన్న చోట కూర్చోబెట్టాడు. పరీక్షల సిమ్ము వేశాడు. నీళ్లు లేనట్టు డబ్బాను నమ్మించాలంటే ఒక తీగ తీస్తే చాలు. తీశాడు.

ఫోను మోగింది. ‘ఉమ’.

చెవికి ఆనించుకున్నాడు. “బోర్లో నీళ్లు లేవు” అంది ఫోను.

ఎప్పటిలాగే చివరిదాకా విన్నాడు.

“సరిగా ఉండాదా అన్నా?” అని అడిగింది లావణ్య.

“ఉండాది” అన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. “బాగనే ఉండాది.”

మద్దిలేటి వెళ్తూ వెళ్తూ అతని భుజం మీద చెయ్యి వేసి ఒక నిమిషం ఉంచాడు. వాళ్లు సందు మలుపు తిరిగేదాకా చూసి శివప్ప లోపలికొచ్చాడు. మంచం కింద దొర్లిన మరను వెతికి జేబులో వేసుకున్నాడు. సొరుగులోంచి ఫోన్ నంబర్ల పుస్తకం తీశాడు. రెండు వందల పద్నాలుగు పేర్లు. కొత్త చిప్పులు ఇక లేవు. వచ్చిన ప్రతి డబ్బాలోనూ ఉన్న చిప్పునే చెరిపి రాయాలి. మొదటి నంబరు నొక్కాడు.

“నేను, స్టార్టరు శివప్పను. మీ డబ్బా ఒకసారి తెచ్చియ్యప్పా.”

“బాగనే పనిచేస్తాంది గదన్నా?”

“పనిచేస్తాది. ఒక మాట తప్పుండాది, మార్చాల.”

“దానికేముండాది, ఆమైన తెస్తాలే.”

“ఆమైన వద్దు” అన్నాడు శివప్ప. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. “రేపే తే నాయనా.”

ఆ పేరు పక్కన చిన్న గీత పెట్టాడు. తర్వాత పొద్దున శుభ్రం చేసి మూసిన డబ్బానే దగ్గరికి లాక్కుని మూత విప్పాడు, పరీక్షల సిమ్ము అందులో వేసి కరెంటు ఇచ్చాడు. ఫోను మోగింది. కరెంటు వచ్చినాది అని ఉమాదేవి చెప్పడం మొదలుపెట్టింది. పూర్తిగా విని, కంప్యూటరు వెనక్కి చెయ్యి పోనిచ్చి తాళాన్ని అదిమి పట్టుకుని, చెరిపేశాడు.

మేజా చివర స్టీలు మూతలో, పొద్దున తిన్న ఉగ్గాని బొరుగులు అంటుకున్న చోటు పక్కనే, మద్దిలేటి డబ్బాలోని పాత చిప్పు కాళ్లు పైకి పెట్టుకుని పడి ఉంది.