సగం జడ వెనుక ఆకాశం

...మంచు మాత్రం పెట్టకుండా ఉండాల్సింది. మామూలు మబ్బులు పెట్టినా సరిపోయేది. పూలతోట పెట్టినా సారా ఏమీ అనేది కాదేమో. మంచుకొండలు, వాటి కింద నీలం రంగు చెరువు, చెరువులో రెండు హంసలు. ఏళ్ళ తరబడి ఆత్మకూరు చుట్టుపక్కల చనిపోయిన వాళ్ళందరినీ పటాల్లో తను ఆ చెరువు గట్టు మీదే కూర్చోబెట్టాడు. వడదెబ్బకు పోయినవాళ్ళను కూడా. ఎవరూ ఏమీ అనలేదు. "భలే ఉండాదన్నా, స్వర్గం మాదిరి" అని మెచ్చుకుని పటం చంకలో పెట్టుకుని పోయారు.

మిద్దె మీద నిలబడి శాంతికుమార్ మళ్ళీ ఇదే అనుకుంటున్నాడు. చేతిలో కెమెరా ఉంది. ఎదురుగా ఉదయగిరి కొండ ఇంకా నల్లటి ముద్దలాగానే ఉంది. పైన కోటగోడ ఎక్కడ ఆగిందో, బండ ఎక్కడ మొదలైందో తెలిసేంత వెలుతురు రాలేదు. అతనికి అలసటగా ఉంది. నిద్ర చాలక వచ్చిన అలసట కాదు. నిద్రపోయి లేచినా అలాగే ఉండేది. తడిసిన దుప్పటి కప్పుకుని పనులు చేసుకుంటున్నట్టు ఉంటుంది ఒళ్ళు.

కరుణశ్రీ అతనికీ సారాకూ ఒక్కతే కూతురు. బీఈడీ చదువుతుండగా పోయిన ఏడు ఈ రోజుల్లోనే జ్వరం వచ్చింది. నెల్లూరు తీసుకుపోయారు, దక్కలేదు. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకు ఆయాసం. చలిగాలి తగిలితే చాలు, గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. కార్తీకం వచ్చిందంటే మెడకు మఫ్లరు, చెవుల్లో దూది. అటువంటి పిల్లను తీసుకుపోయి మంచుకొండల ముందు కూర్చోబెట్టాడు తను.

చావు తర్వాత సంఘం చేసే ఆదరణ కూడిక రోజు బల్ల మీద పటం చూసి సారా ఏడవలేదు. ప్రార్థన అయిపోయి అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చి చాలాసేపు చూసింది. "బిడ్డను మంచులో కూర్చోబెట్టినావే. చలెయ్యదా?" అంది. అని, పటాన్ని గోడవైపుకు తిప్పి పెట్టింది. అప్పటి నుంచి అది అలాగే ఉంది. ఇంట్లోకి వచ్చినవాళ్ళకు కనిపించేది వెనుక అట్ట, అట్ట మీద తన స్టూడియో స్టిక్కరు.

ఇప్పుడు ఏడాది తిరిగింది. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. పాస్టరుగారు వస్తారు, సంఘం వస్తుంది, బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తారు. గుడ్డ మీద పటం ఉండాలి. "ఆ పటమే పెడితే నేను గదిలోంచి బయటికి రాను" అని చెప్పేసింది సారా. తల్లి గదిలో, బిడ్డ బల్ల మీద. అది ఊహించుకోవడం అతనివల్ల కాలేదు. అందుకే ఆకాశం వెతుకుతున్నాడు. కరుణ వెనుక పెట్టడానికి, వాళ్ళమ్మ చూసి ఓర్చుకోగలిగే ఒక ఆకాశం.

ముప్పై ఏళ్ళు కెమెరా పట్టుకున్నాడు గానీ ఆకాశాన్ని ఒక వస్తువుగా ఎప్పుడూ చూడలేదు. అది మనుషుల తలల చుట్టూ మిగిలిపోయే ఖాళీ. ఎండ ఎక్కువైతే తిట్టుకోవడానికి తప్ప తలెత్తింది లేదు. మొదట్లో మిద్దెక్కినప్పుడు బట్టలకొట్లో జాకెట్టుముక్క ఏరుకున్నట్టే చూశాడు. ఇది మరీ బూడిదరంగు, ఇది మరీ ఎరుపు, దీని మీద కరుణ మొహం తేలదు. ఈసారి తుపాను మద్రాసు వైపు వంగిపోయింది. వాన రాలేదు గానీ మబ్బులు మాత్రం వచ్చి కొండ మీద బస చేశాయి. ఒక పొద్దున అవి కొండ నడుముకు చుట్టుకుని, పైన శిఖరాన్ని ఒక్కదాన్నే వదిలిపెట్టాయి. ఇంకో పొద్దున తూర్పున సన్నటి గీత ఒకటి చీరి, దానిలోంచి వచ్చిన వెలుగు పక్కింటి సింటెక్సు ట్యాంకు మీద పడితే ఆ నల్లటి ప్లాస్టిక్కు కూడా కాసేపు రాగిబిందెలా మెరిసింది. అతను దాన్ని కూడా ఫోటో తీశాడు. ఎందుకు తీశాడో తెలియదు. ట్యాంకును ఎవరి వెనుక పెడతాడు?

తర్వాత పిట్టలు మొదలయ్యాయి. పెరట్లో దానిమ్మచెట్టు మీద తేనెపిట్ట తలకిందులుగా వేలాడి పువ్వులోకి ముక్కు పెట్టేది. పిగిలిపిట్టలు జంటగా వచ్చి కరివేపాకు పళ్ళు తిని, తిన్నట్టు ఊరంతా చెప్పేవి. గోడ మీద జెముడుకాకి ఒకటి, తనిఖీకి వచ్చిన ఆఫీసరులా చేతులు వెనక్కి కట్టుకున్న నడకతో ఈ చివర నుంచి ఆ చివరకు పోయేది. పెళ్ళిళ్ళకు కొన్న పాత జూమ్ లెన్సు బయటికి తీశాడు. పెళ్ళిళ్ళన్నీ డ్రోన్ల కుర్రాళ్ళు పట్టుకుపోయాక అది పెట్టెలోనే ఉండిపోయింది.

బాగుంది, అనుకునేవాడు. అనుకున్న మరుక్షణం లోపల ఇంకొకడు, "సిగ్గు లేదా" అనేవాడు. ఆ ఇంకొకడితో వాదించే ఓపిక లేదు. కానీ అతను ఒకటి గమనించాడు. ఇన్ని రోజుల ఫోటోల్లో దానిమ్మచెట్టు ఉంది, గోడ ఉంది, బట్టల తీగ ఉంది. పెరట్లో ఆ మూల ఉన్న బండ మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. బట్టలు ఉతికే బండ. తను కావాలని తప్పించలేదు. కెమెరా అటువైపు తిరుగుతుండగానే చెయ్యి దానంతటదే పైకి లేచేది, ఆకాశంలోకి. పటంలో ఉన్న ఫోటో తీసింది కరుణ ఆ బండ మీద కూర్చుని ఉన్నప్పుడే.

శుక్రవారం బస్సు దిగి ఆత్మకూరు బస్టాండు పక్కన స్టూడియో షట్టరు ఎత్తాడో లేదో, పక్కకొట్టు తిరుపాలు టీ గ్లాసుతో వచ్చాడు.

"ఏందన్నా, మబ్బులకు గూడా ఆధార్ ఫోటోలు తీస్తా ఉండావంట?"

"ఎవురు చెప్పినార్రా?"

"బస్సు కండక్టరు. పొద్దున్నే మిద్దెక్కి ఆకాశాన్ని 'కొంచెం గడ్డం పైకి' అంటా ఉండావంటగా."

శాంతికుమార్ నవ్వాడు. నవ్వు మొహం మీదికి వచ్చింది గానీ లోపలి నుంచి వచ్చినట్టు లేదు. తిరుపాలు అది చూడనట్టు నటించి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

ఇంతలో వరికుంటపాడు నుంచి మల్లికార్జున వచ్చాడు. భూమీ పుట్రా ఉన్న రైతు. వాళ్ళ అవ్వ రామసుబ్బమ్మ పోయింది. ఫోన్లో ఫోటో చూపించాడు. ముసలమ్మ మంచం మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఏడాది పిల్లాడు.

"శాంతన్నా, ఒళ్ళో ఉండేది నా కొడుకు. వాణ్ణి తీసెయ్యాల. నీకు తెలియందేముంది."

"తీసేస్తాలే. బతికున్న మనిషి వేలు గూడా ఉండకూడదు." ఈ మాట అతను ఎన్నివందల సార్లు అన్నాడో. దుకాణంలో అది ధర చెప్పడం లాంటిది.

"ఎనకాల ఆ హంసలు పెట్టు. మొన్న మా పెదనాయనకు పెట్టినావే, అవి."

"మీ అవ్వ ఎప్పుడన్నా హంసను చూసిందా మల్లికార్జునా?"

"కోళ్ళను చూసింది. కోళ్ళను పెడతావా?"

తిరుపాలు టీ ఒలికేటట్టు నవ్వాడు. మల్లికార్జున కూడా నవ్వి, నవ్వకూడదని గుర్తొచ్చి మొహం సర్దుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక శాంతికుమార్ పనికి కూర్చున్నాడు. కంప్యూటర్లో పిల్లాడి చుట్టూ గీత లాక్కుంటూ వచ్చాడు. తల, భుజం, కాలు. పిల్లాడి పిడికిలి అవ్వ కొంగును గట్టిగా పట్టుకుని ఉంది. పిడికిలి తీసేస్తే కొంగులో ముడత మిగిలింది. పట్టుకున్నవాడు లేకుండా ముడత ఉండకూడదు. పక్కనుంచి చీరరంగు తీసి ముడతను పూడ్చాడు. ముసలమ్మ ఒడి నున్నగా, ఎవరూ ఎప్పుడూ కూర్చోనట్టు అయింది. అక్కడ అతని చెయ్యి ఆగింది. ఇది తను ఇంతకుముందు ఎక్కడో చేశాడనిపించింది. రోజూ చేసే పనే కదా, అని సమాధానం చెప్పుకున్నాడు. ఆ సమాధానం త్వరగా దొరికినందుకు అనుమానం వచ్చింది. ఆలోచించడానికి బద్ధకమేసి లేచి, తను తీసిన ఫోటోల్లో బాగున్నవి చిన్న సైజులో ప్రింటు తీసుకుని సాయంత్రం బస్సెక్కాడు.

సారా వరండాలో గోంగూర గిల్లుతోంది. అతను ఏమీ చెప్పకుండా ప్రింట్లు ఆమె ముందు చాప మీద పరిచాడు. కొండ నడుముకు మబ్బు. తూర్పున గీత. నక్షత్రం ఒకటే మిగిలిన తెల్లవారుజాము. ఆమె చేతులు తుడుచుకుని ఒక్కొక్కటీ తీసి చూసింది, బియ్యంలో రాళ్ళు చూసినట్టు. తేనెపిట్ట దగ్గర ఆగింది.

"ఇది మన దానిమ్మచెట్టు గదా. ఇంకా వస్తా ఉండాదా ఇది?"

"రోజూ వస్తాది."

"నేను చూళ్ళేదే."

ఆమె మళ్ళీ గోంగూర అందుకుంది.

"ఆదివారానికి టైము లేదు సారా. వీట్లో ఏ ఆకాశం పెట్టమంటావు?"

"ఏదన్నా పెట్టు. ఆకాశానిదేముంది." ఆమె తలెత్తలేదు. "నా చెయ్యి ఏం చేసినావయ్యా?"

"ఏ చెయ్యి?" అన్నాడు. కానీ అనేటప్పటికే అతనికి తెలుసు. పొద్దున నున్నగా చేసిన ఒడి గుర్తొచ్చింది.

"నువ్వు ఫోటో తీసినప్పుడు నేను దానికి జడ వేస్తా ఉంటిని. సగం అల్లినాను. నువ్వు పిలిస్తే నవ్వుతా తిరిగింది. జడ నా చేతిలోనే ఉండాది. పటంలో చూస్తే చివరిదాకా ఉండాది జడ. రిబ్బను గూడా కట్టుండాది. ఎవురేసినారు అది?"

"కంప్యూటర్లో..."

"నేను వెయ్యని జడ అది."

"బతికున్నోళ్ళ చెయ్యి పోయినోళ్ళ పటంలో ఉండకూడదు సారా. నీకేమన్నా అయితే..."

"ఇంకేం కావాల నాకు?"

గొంతు పెంచలేదు. చేటలో గోంగూర ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ప్రింట్లన్నీ చాప మీదే ఉన్నాయి. తేనెపిట్టది మాత్రం లేదు.

అతను అక్కడే కూర్చుండిపోయాడు. ఏడాది కిందట ఆమె చలి అంది. అతను చలినే పట్టుకుని ఆకాశాలు వెతికాడు. నోటికి అందేంత చిన్నమాట ఏదో ఒకటి ముందు బయటికి వస్తుంది, అసలుది వెనుక నిలబడి ఎవరైనా చూస్తారేమోనని ఎదురుచూస్తుంది. తను చూడలేదు. చూడకపోవడం కూడా ఒక పనిలాగే, కష్టపడి చేశాడు. పటం చేసిన రోజు అన్నిటికన్నా ముందు తీసేసింది ఆ చేతినే. పాస్టరుగారు ఇటువంటి నమ్మకాలు వద్దని ప్రసంగాల్లో చెబుతూనే ఉంటారు, తనూ తల ఊపుతూనే ఉంటాడు. కానీ ఆ రోజు కరుణ పక్కన సారా వేళ్ళు కనిపించగానే భయమేసింది. ఒకరు పోయారు, రెండోవాళ్ళ మీద కన్ను పడకముందే దాచెయ్యాలి అనిపించింది. ఎవరి కన్నో అతనికీ తెలియదు. దాచడమనుకుని చెరిపేశాడు.

శనివారం పొద్దున మిద్దెక్కాడు. ఆకాశం రోజూకన్నా బాగుంది. కొండ మీద మబ్బులు విడిపోయి, కోటగోడ మీద పసుపురంగు ఎండ పడుతోంది. కెమెరా ఎత్తలేదు. పిట్టగోడ పట్టుకుని వంగి, కిందికి, బండవైపు చూశాడు. బండ మీద నిన్నటి సబ్బుముక్క ఉంది. దాని పక్కన గోరింక ఒకటి తడి తాగుతోంది. అంతే. ఇంతకాలం దేనికి భయపడ్డాడో అది అక్కడ లేదు. ఉన్నది మాత్రం బాగానే నొప్పి పెట్టింది.

స్టూడియోలో అసలు ఫోటో వెతికి తెరిచాడు. కంప్యూటరు తెర నిండా పెరడు వచ్చింది. కరుణ బండ మీద కూర్చుని భుజం మీదుగా తిరిగి నవ్వుతోంది. మెడలో మఫ్లరు. వెనుక బట్టల తీగ మీద అతని లుంగీ, దానిమ్మచెట్టు, చెట్టు కొమ్మ మీద మసకగా ఏదో. పిట్టో ఎండుటాకో తేలలేదు. ఆ పైన ఆకాశం. ఏ రంగూ ప్రత్యేకంగా లేని, పొద్దున తొమ్మిదింటి ఉదయగిరి ఆకాశం. ఫ్రేము అంచు నుంచి రెండు చేతులు వచ్చి సగం అల్లిన జడను పట్టుకున్నాయి. వేళ్ళ మధ్య మూడు పాయలు. ఒక చేతికి ఆకుపచ్చ గాజులు. ఆ గాజులు సారా ఏడాదిగా వేసుకోవడం లేదని అతనికి ఇప్పుడే తట్టింది.

అలవాటుకొద్దీ అతని చెయ్యి గీత లాగే పనిముట్టును ఎంచుకుంది. బాణం గుర్తు ఆకుపచ్చ గాజు అంచు మీద నిలబడింది. దాన్ని అక్కడే ఉంచి చాలాసేపు కూర్చున్నాడు. భయం పోలేదు. పోతుందని అనుకున్నాడు గానీ, పోలేదు. సారాకు చిన్న దగ్గు వచ్చినా ఇక ఈ పటమే గుర్తొస్తుంది. ఆ సంగతి కూడా తెలిసింది.

తిరుపాలు టీ తెచ్చి వెనుక నిలబడ్డాడు.

"అన్నా, రేపటికేనా ఇది?"

"ఊఁ."

"వదిన చెయ్యి అట్టే ఉండాదే. తియ్యలా?"

శాంతికుమార్ బాణం గుర్తును గాజు మీద నుంచి పక్కకు జరిపాడు.

"ఉండనీరా," అని, ప్రింటు నొక్కాడు.