కరెంటు లేని గంట

తలుపు పైన బూజు దులుపుతుంటే స్వర్ణలత చేతికి వేడి తగిలింది. భర్త భూపేష్ మూడు నెలల కింద బిగించిన తెల్ల డబ్బా అది. స్టూలెక్కి మూత తీసింది. అతను నిన్న కొత్తగా కట్టిన బ్యాటరీ లోపల ఉబ్బి, డబ్బా గోడలను నెడుతోంది.

తలుపు తెరుచుకుంటే ఆ డబ్బా తనలోని సిమ్ముతో భూపేష్ ఫోనుకు మెసేజి పంపుతుంది. "దొంగల భయం లతా, కాలం బాగలేదు" అన్నాడు బిగించిన రోజు. దొంగలు రాలేదు. ఆమె కొత్తిమీర కోసం గడప దాటితే మాత్రం రెండు నిమిషాల్లో ఫోను వచ్చేది. "యాడికి పోతాండావు?" గొంతు మెత్తగానే ఉండేది. అది మెత్తగా ఉన్నప్పుడే ఆమెకు ఎక్కువ భయం.

డబ్బాకు ఫోను ఛార్జరు నుంచే కరెంటు. ఈ ఎండాకాలం వాళ్ల వీధిలో పదకొండుకు కరెంటు పోయి పన్నెండుకు వస్తోంది. ఆ గంటసేపు డబ్బా చచ్చిపడి ఉంటుంది. ఆ గంట స్వర్ణలత రెండు వీధుల అవతల కృపమణి రిపేరు అంగడిలో, కాలిపోయిన కరెంటు పొయ్యిల బోర్డులు ముందు వేసుకుని కూర్చుంటుంది. అక్కడిది వేరే లైను. "నీ చెయ్యి పడితే బోర్డు మాట్లాడతాది అక్కా" అంటుంది కృపమణి. పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె చేతిని ఎవరైనా మెచ్చుకున్నది అక్కడే.

నిన్న భూపేష్ ఫోను చూసుకుంటూ అన్నాడు. "పదకొండుకు పడుకొని పన్నెండుకు లేస్తాండాది ఇది. ఆ గంట ఇంట్లో ఏం జరుగుతాందో ఎవరికి తెలుసు?" రెండు బ్యాటరీలు తెచ్చి, ఒకదాన్ని తనే ఛార్జరు తీగలకే నేరుగా కట్టేశాడు. అడ్డం లేకపోతే ఆ కరెంటు బ్యాటరీలోకి దూరి దాన్ని కాలుస్తుందని అతనికి తెలియదు. అడిగితే ఆమె చెప్పేది.

"ఉబ్బిందా? అయితే నువ్వే సరిగ్గా చెయ్" అన్నాడు, బండల ఫ్యాక్టరీకి పనికి బయల్దేరుతూ. "ఎలక్ట్రానిక్స్ చదివినావు గదా, ఉప్మా చేసేదానికేనా? పదకొండుకల్లా అయిపోవాల."

"మీ నాయన చదివించినందుకు ఇన్నాళ్లకు ఒక పని పడింది" అంది అత్త నాగలక్ష్మమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ.

ఉబ్బిన బ్యాటరీని పెరట్లో ఇసుకలో పెట్టి వచ్చి, స్వర్ణలత రెండో బ్యాటరీని, కాలేజీనాటి సామాన్ల డబ్బాను ముందు పెట్టుకుంది. ఛార్జరు కరెంటు బ్యాటరీలోకి పోకుండా ఒక డయోడు. ఛార్జరు ఉన్నంతసేపు బ్యాటరీని ఆపి, అది పోగానే వదిలే ట్రాన్సిస్టరు. మధ్యలో ఆ రెప్పపాటు తడబడకుండా ఒక కెపాసిటరు. టంకం పెడుతుంటే పొయ్యి మీద పాలు పొంగాయి, అత్త రెండుసార్లు పిలిచింది, ఆమెకు వినబడలేదు. పని అయ్యాక ఛార్జరు పీకింది. తెల్ల డబ్బా మీది పచ్చదీపం ఆరలేదు, తడబడలేదు. పెట్టింది, పీకింది. లోపల సంతోషం ఎగిసింది, అంతలోనే గుర్తొచ్చింది. తనను కాపలా కాసేదానికి నిద్ర లేకుండా చేసింది తనే.

ఒకసారి పూర్తిగా చూద్దామని పాత లాప్‌టాప్‌కు తగిలించి, తలుపు తెరిచినట్టుగా, తలుపు రెక్కకుండే అయస్కాంతాన్ని డబ్బా నుంచి దూరం జరిపింది. తెరమీద వరుసలు కదిలాయి. మెసేజి పోయింది, భూపేష్ నంబరుకు. ఇంకోటి పోయింది. ఆ రెండో నంబరు ఆమెకు చూడకుండానే వచ్చు. నంద్యాలలో ఉండే తమ్ముడు పరమేష్‌ది.

పోయిన నెల వాడు ఫోను చేశాడు. "అక్కా, పొద్దుగాల పొద్దుగాల బయట తిరగాకు. బావ మంచోడు కాబట్టి సరిపోయింది." తమ్ముడికి తన మీద ఎంత ప్రేమ అనుకుని, ఆ పూట అన్నం కూడా ఎక్కువ తింది.

ఆమె బోర్డును మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఒక్క టంకం చుక్క వదులుగా పెడితే చాలు. కరెంటు పోయినప్పుడల్లా అది చస్తుంది, తన గంట తనకు మిగులుతుంది. ఎవరికీ అనుమానం రాదు. కానీ అలాగైతే ఎన్నేళ్లు? వానలు పడితే కోతలు ఉండవు. కరెంటు ఆఫీసువాళ్లు విదిలించే ముక్క కోసం చెవులు రిక్కించి, సొంత ఇంట్లోంచి దొంగలా జారిపోతూ ఎన్నేళ్లు? పైగా, వదులు టంకం ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు.

డబ్బాను మళ్లీ తలుపు పైన బిగించింది. పదకొండుకు ఫ్యాను ఆగిపోయింది. పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

"అత్తా, కృపమణి అంగడికి పోతాండా."

నాగలక్ష్మమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "దీపం ఎలుగుతాండాది గదే. వానికి తెలిసిపోతాది."

"తెలియాలనే బాగా చేసినా."

వీధి చివరికి చేరకముందే ఫోను మోగింది. ఇదివరకైతే "ఇంట్లోనే, పాలబ్బాయి వస్తే తలుపు తీసినా" అని ఉండేది.

"యాడుండావు?" మెత్తగా అడిగాడు.

"కృపమణి అంగడికి పోతాండా. బోర్డులు బాగుచేసేకి. రోజూ పోతాండా, రేపు కూడా పోతా. పరమేష్‌కు కూడా మెసేజి వచ్చింటాది, వానికీ చెప్పు."

 అవతల అతని వెనక బండలు కోసే మిషను గీపెడుతోంది. కొంచెంసేపటికి ఆ మిషను ఆగిపోయింది. ఎవరో ఆపారు. తర్వాత బైకు స్టార్టు అయిన చప్పుడు.

స్వర్ణలత ఫోను చెవి దగ్గరే ఉంచుకుని అంగడి వైపే నడిచింది.