లెక్కలో నాలుగోవాడు

రెండువేల ఆరు ఆగస్టు. గల్ఫ్‌లోని ఖఫ్జీ అనే ఊళ్ళో ఒక చిన్న పాలీక్లినిక్‌లో సుజిత నర్సుగా పనిచేస్తోంది. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు షట్టర్ దించేసి డాక్టరు, రిసెప్షన్ వాళ్ళు మసీదుకు వెళ్ళిపోతారు. ఆ అరగంటా ఇంజెక్షన్ గదిలో ఆమె ఒక్కతే. ఆ రోజు దూది డబ్బా నింపి వెనక్కి తిరిగేసరికి బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నీలం కవరాల్ నిండా నల్లటి మడ్డి. గదంతా కుళ్ళిన కోడిగుడ్ల కంపు.

"లోపలికెలా వచ్చారండీ? షట్టర్ వేసుంది కదా!"

"ఊపిరాడ్తలేదు సిస్టరమ్మా," అన్నాడతను.

తెలుగు వినగానే ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది. పేరు పీరయ్యట, జగిత్యాల దగ్గర పల్లె. కవరాల్ జేబు మీద ఉన్నది ఆమె భర్త ప్రేమరాజు టైమ్‌కీపర్‌గా పనిచేసే కంపెనీ పేరే. చమురు ట్యాంకులు కడిగే కంపెనీ అది. ఆమె అతని చేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలింది. పాదరసం సున్నా దాకా దిగింది గానీ ఒక్క చప్పుడూ వినపడలేదు. మళ్ళీ కొట్టింది. అంతే. స్టెత్ పాడైందేమోనని తన గుండె మీద పెట్టుకుంది. అక్కడ దడదడమని కొట్టుకుంటోంది. తలెత్తితే బెంచీ ఖాళీ. షట్టర్ వేసినట్టే ఉంది. బెంచీ రెక్సిన్ మీద మాత్రం రెండు అరచేతుల మడ్డి ముద్రలు.

సాయంత్రం భర్తకు టీ ఇస్తూ అడిగింది. "ఏమండీ, మీ కంపెనీలో పీరయ్యని ఎవరైనా ఉన్నారా?"

ప్రేమరాజు కప్పు అందుకోలేదు. "ఉండేవాడు. నెల దాటింది, పారిపోయాడు. హురూబ్ రాసేశాం. నీకెవరు చెప్పారు?"

"పేషెంటు ఎవరో అన్నారులెండి," అంది. తను అబద్ధం ఎందుకాడిందో ఆమెకే తెలియలేదు. హురూబ్ అంటే కఫీలుకు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, చెప్పకుండా పారిపోయినవాడని కాగితం పెట్టడం. ఆ కాగితం పడితే ఆ మనిషిని కంపెనీ ఇక వెతకదు.

మర్నాడు పొద్దున కంపెనీ బస్సు డ్రైవరు చాంద్ బాషా ఇద్దరు పనివాళ్ళను క్లినిక్‌కు తీసుకొచ్చాడు. రాయచోటి మనిషి. హాల్లో కూర్చుని ఉంటే సుజిత పక్కకు పిలిచి అడిగింది. అతను అటూ ఇటూ చూశాడు.

"ఆ పొద్దు నలుగుర్ని ట్యాంకు కాడ దింపినా మేడం. తిరిగి ముగ్గురే బస్సెక్కినారు. వాడు పారిపోయినాడు, పద అన్యారు. చుట్టూ ఇసకే కదా, యాడికి పోతాడు? పెట్టె, పెండ్లాం ఫొటో అన్నీ మంచం కిందనే ఉండాయి. నేను నోరెత్తితే నా ఇఖామా పోతాది, ఈ దేశంలో ఉండనీరు. మీరూ ఊరకుండండి."

ఊరకుండటం ఆమె వల్ల కాలేదు. ఒకరికి ఇవ్వాల్సిన సూది మందు ఇంకొకరికి ఎక్కించబోయి ఆఖరి నిమిషంలో ఆగింది. మధ్యాహ్నం షట్టర్ దిగింది. కంపు ముందు వచ్చింది. తర్వాత అతను.

"పారిపోయిండని రాసిన్రమ్మా," అన్నాడు పీరయ్య. "నేనేడికీ పోలే. ఆన్నే ఉన్న."

ఆ సాయంత్రం ఆమె టీ పెట్టలేదు. తలుపు గడియ వేసి భర్త ఎదురుగా నిలబడింది. "ఆ ట్యాంకులో ఏం జరిగిందండీ?"

ప్రేమరాజు ముందు కసిరాడు, తర్వాత బతిమాలాడు, చివరికి నేల మీద కూలబడ్డాడు. లోపలికి వెళ్ళేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ లెక్కపెట్టడం ఆ రోజు అతని పని. గ్యాస్ అలారం మోగింది. అందరూ పరుగు. ట్యాంకు మ్యాన్‌హోల్ మూత వేసెయ్యమని క్యాంప్ బాస్ అరిచాడు. "అందరూ బయటికొచ్చారా?" అని అడిగితే, చూడకుండానే వచ్చారని అన్నాడు ప్రేమరాజు. బోల్టులు బిగించారు.

"బిగించాక లోపల్నుంచి కొట్టాడు సుజితా. నేను విన్నాను. బాస్ కూడా విన్నాడు. 'అందరూ వచ్చారన్నది నువ్వు. ఇప్పుడు తెరిస్తే జైలుకెళ్ళేది నువ్వే' అన్నాడు. ఆ హురూబ్ కాగితం కూడా నాతోనే రాయించాడు."

"పోలీసులకు చెప్పండి."

"ఎలా చెప్పమంటావ్? చెబితే నేను మళ్ళీ బయటపడతానా?"

ఆమె తన పక్కబట్టలు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు జొహర్‌కు కాస్త ముందు చాంద్ బాషా బస్సు క్లినిక్ ముందు ఆగింది. ఆఫీసులో ఊపిరాడక పడిపోయాడని ప్రేమరాజును మోసుకొచ్చి ఇంజెక్షన్ గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, బస్సును వెనక సందులోకి తియ్యడానికి వెళ్ళాడు. డాక్టరు చూసి, ఆక్సిజన్ పెట్టించి నమాజుకు వెళ్ళాడు. షట్టర్ దిగింది. మాస్కు ముక్కుకే ఉన్నా ప్రేమరాజు పెదాలు నీలంగానే ఉన్నాయి. కళ్ళు మాత్రం బెంచీ వైపు తిరిగాయి. సుజిత అటు చూడకుండానే కంపును బట్టే అతనొచ్చాడని తెలుసుకుంది.

"సారూ," అన్నాడు పీరయ్య. గొంతులో కోపం లేదు. "మల్లొక్కసారి లెక్కవెట్టున్రి."

ప్రేమరాజు మాస్కు లాగేశాడు. వేలెత్తి గాల్లో లేని ముగ్గుర్ని చూపిస్తూ, "ఒకటి... రెండు... మూడు..." అన్నాడు. వేలు బెంచీ దగ్గరికొచ్చి ఆగిపోయింది. సుజిత భర్త భుజం పట్టుకుంది.

"చెప్పండి."

"నాలుగు," అన్నాడతను వెక్కుతూ. "నాలుగు. వీడు రాలేదు. వీడు లోపలే ఉన్నాడు."

ఆ మాటతో అతనికి ఊపిరి అందింది. బెంచీ మీద ఎవరూ లేరు. ప్రేమరాజు లేచి వెనక తలుపు తీసుకుని ఎండలోకి నడిచాడు. సుజిత పైన నల్లటి అబాయా వేసుకుని వెంట పరుగెత్తింది.

"యాడికి సార్?" అన్నాడు చాంద్ బాషా బస్సులోంచి.

"పోలీస్ స్టేషన్‌కి."

సాయంత్రానికల్లా ట్యాంకు తెరిచారు. పీరయ్య మూత కిందే, నిచ్చెన మెట్టు మీద నుదురు ఆనించి ఉన్నాడు. క్యాంప్ బాస్ రెండు రోజుల ముందే సెలవు పెట్టి తన దేశం వెళ్ళిపోయాడు, తిరిగి రాలేదు. ప్రేమరాజుకు జైలు పడింది. శవం ఊరికి చేరడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

కర్మకాండలు అయ్యాక సుజిత పీరయ్య భార్య ముత్యవ్వకు ఫోన్ చేసింది.

"సచ్చిండని ఎర్కయింది, అదే చాలు," అంది ముత్యవ్వ. "పారిపోయిండంటే ఊరంతా నవ్విన్రు. పోలీసులకు సెప్పినాయన దేవుడసొంటోడమ్మా. గాయిన పేరేంది?"

పేరు చెప్పి ఊరుకోవచ్చు. సుజిత గోడకు ఆనుకుంది.

"ప్రేమరాజు. అందరూ వచ్చారని చెప్పి మూత వేయించిందీ ఆయనే, పారిపోయాడని రాసిందీ ఆయనే. నా భర్తండీ."

"ఇగ నువ్వు నాకు ఫోన్ జెయ్యకమ్మా," అంది ముత్యవ్వ.

"సరేనండీ," అంది సుజిత.

గురువారం ఆమె జైలుకు వెళ్ళింది. ఇరవై నిమిషాలు ఇచ్చారు. భర్త ఎదురుగా కూర్చుంది. ముత్యవ్వ ఫోన్‌లో అన్నదంతా ఒక్క మాట వదలకుండా అతనికి చెప్పింది.