హుష్షక్క విన్న పిచ్చుక

హుష్షక్క జెల్ ట్యూబును చంకలో నొక్కిపెట్టుకునే గది తలుపు తీసింది. చల్లటి జెల్ కణతకు తగిలితే ఎంతటి మొనగాడైనా "అమ్మో" అని ఎగిరిపడతాడు. తల కదిలిందంటే రక్తనాళం కోసం వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. అందుకని కోడి గుడ్డును పొదిగినట్టు ఆవిడ రోజూ పొద్దున్నే ఆ ట్యూబును పొదుగుతుంది.

తలలో పారే రక్తం చప్పుడు వినడం ఆవిడ పని. కణత దగ్గర ఎముక పల్చన. అక్కడ పెన్నులాంటి స్కాను కర్ర ఆనిస్తే, మెదడు నాళాల్లో రక్తం పరుగు మిషన్లోంచి "హుష్... హుష్..." మని వినిపిస్తుంది. గదిలో ఎవరైనా నోరు విప్పితే ఆవిడా "హుష్" అంటుంది. ఏ హుష్ మిషన్‌దో, ఏ హుష్ మనిషిదో తేల్చుకోలేక ఆసుపత్రి వాళ్లు ఆ పేరే ఖాయం చేశారు. చీమ తుమ్మితే దానికి జలుబు ఎన్నాళ్లనుంచి ఉందో ఆవిడ చెప్పేయగలదని వార్డుల్లో ఒక మాట ఉంది. ఆవిడ కాదనలేదు.

ఇంట్లో సంగతి వేరు. మొగుడిది మైకుసెట్ల వ్యాపారం. కొత్త కాపురంలో ఆయన "కూరలో ఉప్పు తగ్గిందే" అంటే వీధి చివరి వాళ్లు ఉప్పు డబ్బా పట్టుకొచ్చేవారట. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి కాపురాలు వాళ్లు పెట్టుకున్నా ఆయన గొంతు మాత్రం తగ్గలేదు. ఇంట్లో మైకు, పనిలో హుష్. ఈ రెంటి మధ్యే ఆవిడ జుట్టు నెరిసింది. ఆవిడ విని చెప్పినదాన్ని బట్టి ఎందరికో వైద్యం జరిగింది. పోయినవాళ్లు వచ్చి చెప్పలేరు, బాగైనవాళ్లు వచ్చి చెప్పరు. ఆవిడకి దాని గురించి బెంగ లేదు.

ఆ రోజు వచ్చినవాడు మార్కెట్లో కూరగాయలు వేలం వేసే మనిషి. ఆయన కేకకి వంకాయలు వాటంతటవే బుట్టలోకి దూకుతాయని పేరు. కిందటి వారం బావమరిది సెలూన్లో జుట్టు కత్తిరించుకుని, చివర్లో అలవాటుగా మెడ విరిపించుకున్నాడు. "టప్" మంది. హాయిగానే అనిపించింది. మర్నాడు వేలంలో టమాటా బుట్ట ఎత్తి, "తలుపు! ఎర్రటి తలుపు! కిలో ఎంత?" అని అరిచాడు. జనం పడీపడీ నవ్వారు. కుడిచేతిలోంచి బుట్ట జారిపోయాక ఎవరూ నవ్వలేదు.

మాట కాసేపటికే తిరిగొచ్చింది. కానీ మెడలో ఎడమవైపు రక్తనాళం లోపలి పొర చిరిగిందని తేలింది. చిరిగినచోట కట్టిన గడ్డలోంచి నలుసులు లేచి మెదడులోకి కొట్టుకుపోతున్నాయి. నలుసు దాటినప్పుడల్లా మిషన్ "కిచ్" మంటుంది. హుష్షక్క వాటిని పిచ్చుకలంటుంది. మొదటిరోజు ఆయన తలలో పిచ్చుకల గుంపే ఉంది. అప్పటినుంచీ రక్తం పల్చబడే మందులిస్తున్నారు.

"ఇవాళ తేలిపోవాలక్కా" అన్నాడు డాక్టరు. "మందులేసినా పిచ్చుకలు ఎగురుతున్నాయంటే తొడలోంచి తీగ పంపి, మెడలో జాలీ గొట్టం వెయ్యాలి. చిరిగిన నాళం. కెలికితే ఏమవుతుందో నేను చెప్పలేను. పిచ్చుకలు లేవంటే మాత్రలిచ్చి ఇంటికి పంపేద్దాం."

వేలమాయన మంచమెక్కాడు. భార్య పక్కన నిలబడింది. బావమరిది గుమ్మం దాటడానికి జంకుతున్నాడు.

"నువ్వక్కడే ఉండు" అంది వాళ్లక్క. "మెడ కనబడితే నీ చేతులు ఊరుకోవు."

"నేను కావాలని చేశానా అక్కా..."

"వాణ్ణి అనకే. విరవమని నేనేగా అడిగింది" అన్నాడు వేలమాయన.

"మీరడుగుతారు, వాడు విరుస్తాడు. మధ్యలో నా కాపురం!"

"హుష్" అంది హుష్షక్క.

ఎడమ కణతకు వెచ్చటి జెల్ రాసి, తలకు పట్టీ బిగించి, స్కాను కర్రను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపింది. ముందువైపు నాళం దొరికింది. అందులో రక్తం పోవలసిన వైపు పోవడం లేదు.

"ఎదురు..." అని గొణిగింది.

భార్య మొహం పాలిపోయింది. "ఎదురు తిరిగిందా?"

"తిరగలేదమ్మా, ఎదురొచ్చింది. ఎడమదారి ఇరుకైందని కుడివైపు రక్తం అడ్డదారిన వచ్చి, ఈ వైపు మెదడుకు కూడా అన్నం పెడుతోంది. మంచిదే."

"బతికించావు తల్లీ! ఆయనకి ఎదురు తిరగడానికి ఇంట్లో నేనొకదాన్ని చాలు."

"హుష్."

ఇక పిచ్చుకల కోసం గంటసేపు కాపు కాయాలి. హుష్షక్క కళ్లు మూసుకుంది. రక్తం ఇసుకలో వాగులా నడుస్తోంది. హుష్... హుష్... ఫ్యాను కూడా ఊపిరి బిగబట్టినట్టుంది.

కిచ్.

 ఆవిడ కళ్లు తెరిచి చూస్తే, నలుసు దాటితే పడాల్సిన మచ్చ తెర మీద లేదు. అయితే ఆవిడ కళ్లని నమ్మి ఎరగదు, తెరని అసలే నమ్మదు.

కిచ్. మళ్లీ.

ఆవిడ మొహం చూసి వేలమాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తల కదపకూడదు గనక అవి తిన్నగా చెవుల్లోకి జారాయి. హుష్షక్క పిచ్చుకల్ని లెక్కించే మీటమీద వేలు పెట్టింది. నొక్కితే తీగ, జాలీ తప్పవు.

కిచ్.

భార్య పిల్లిలా మెడ తిప్పింది. "ఒరేయ్! కత్తెర!"

గుమ్మం దగ్గర బావమరిది ఉలిక్కిపడ్డాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. బయటికి లాగితే వేళ్ల మధ్య కత్తెర, ఇంకా నోరు తెరిచే ఉంది.

"చిన్నప్పటినుంచీ ఇంతేనండీ" అంది భార్య. "భయమేస్తే కత్తెరాడిస్తాడు. వీడి పదో తరగతి రిజల్టొచ్చిన రోజు మా ఇంట్లో కర్టెన్లన్నీ నిక్కర్లయిపోయాయి!"

నవ్వాపుకోలేక వేలమాయన పొట్ట ఎగిరెగిరి పడింది. పట్టీ జారింది, స్కాను కర్ర తప్పింది, అంతా మొదటికొచ్చింది. హుష్షక్క మాత్రం విసుక్కోలేదు. ఇన్నేళ్లలో తన చెవి ఇంత ఘనంగా మోసపోయింది లేదు. అందుకే లోపల్లోపల పండగలా ఉంది. కత్తెరను అక్క సంచిలో వేయించి, తమ్ముణ్ణి మెట్ల దాకా పంపించి, ఈసారి కళ్లు తెరుచుకునే కూర్చుంది.

నిండు గంట గడిచింది. హుష్ తప్ప ఇంకేమీ లేదు.

"పిచ్చుకలు?" అంటూ వచ్చాడు డాక్టరు.

"ఒక్కటీ లేదు. కత్తెరపిట్ట ఒకటొచ్చింది, వాళ్లక్క పట్టేసింది."

డాక్టరు తెర మీది రికార్డును వెనక్కి తిప్పి మొదటినుంచీ చూశాడు. "ఇంటికెళ్లండి" అన్నాడు. మెట్ల దగ్గర బావమరిది గోడకి జారి కూలబడి, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా ఊగిపోయాడు. అక్క వచ్చి వాడి నెత్తిన ఒక్కటిచ్చి, అదే చేత్తో తల నిమిరింది. "ఇకనించి జుట్టు దగ్గర ఆగు. మెడ జోలికెళ్లావో, చూస్కో!"

"టమాటా!" అని అరిచాడు వేలమాయన, నోరు సరిగ్గా ఉందో లేదోనని. పై అంతస్తు నర్సులు కిందికి తొంగిచూశారు. "వచ్చే నెల చూపించుకోవడానికి మీ దగ్గరికే వస్తానక్కా."

"వచ్చే నెల నేనుండను నాయనా. నా సర్వీసు ఇవాళ్టితో సరి."

 వేలమాయన అటూ ఇటూ చూసి, ఆవిడ కూర్చునే తిరుగుడు స్టూలును బుట్ట ఎత్తినట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

"హుష్షక్క స్టూలు! అరిగింది గానీ విరగలేదు! పాట పాడండి!"

"జీవితాంతం ఉచితంగా కటింగ్!" అంది మెట్ల దగ్గర్నుంచి ఒక గొంతు.

"మెడ తీసేసి!" అంది అక్క.

"నా కుర్చీ ఇచ్చేస్తా" అన్నాడు డాక్టరు.

"చాలదు సార్! ఒకటోసారి! రెండోసారి!" కిటికీ అద్దాలు గలగలలాడాయి. అందరూ ఆవిడ "హుష్" కోసం చూశారు.

"మూడోసారి కూడా అనవయ్యా, ఇంకా గట్టిగా!" అంది హుష్షక్క.

ఆ కేకకి ఆవిణ్ణి తీసుకెళ్లడానికి స్కూటర్ మీద వచ్చి కింద గేటు దగ్గరున్న మొగుడు కూడా తలెత్తి, "ఎవరయ్యా ఆ గొంతు? నా మైకుసెట్టుకి కావాలి!" అని అరిచాడు. ఆవిడ చేతులు తుడుచుకుని, మిషన్ ఆపి, వాళ్లందరికీ ముందు నడుస్తూ, నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది.

వేలమాయన దించిన స్టూలు ఖాళీ గదిలో ఇంకా మెల్లగా తిరుగుతోంది.