మూడో నియమం

"నిజం చెప్పు, అదంతా నువ్వే రాశావా?" అన్నాడు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. ఇరవై ఏళ్లుగా పిల్లలకు వ్యాసాలు రాయడం నేర్పుతున్న మనిషిని నేను.

బడిలో ఏఐని ఎవరు ఎంతవరకు వాడొచ్చో నియమాలు రాయడానికి కమిటీ వేశారు. నలుగురు మగవాళ్లు టీ తాగి సలహాలిచ్చారు, రాసే పని నా నెత్తిన పడింది. కుక్కర్ కూతలకీ అత్తయ్య మాత్రలకీ మధ్య ఎనిమిది పేజీలు రాశాను. నా ప్రాణమంతా మూడో నియమం మీదే: యంత్రం అనుమానించినంత మాత్రాన సున్నా వెయ్యకూడదు, ముందు ఆ పిల్లనో పిల్లాడినో అడగాలి.

హెడ్మాస్టరు గారు ఆ పేజీల్ని పిల్లల వ్యాసాలు పరీక్షించే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశారట. తొంభై ఒక్క శాతం యంత్రం రాతేనని చెప్పిందట. "పోనీలెండి మేడం, ఏఐ సాయం తీసుకున్నానని ఓ సంతకం పడేయండి. మీరే ఒప్పుకుంటే ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి కూడా నోరు మూసుకుంటుంది" అన్నారు నవ్వుతూ. ఆ అమ్మాయి ప్రాజెక్టునూ అదే సాఫ్ట్‌వేర్ పట్టుకుంది. నేను సంతకం పెడితే ఆ సాఫ్ట్‌వేర్ మాటే నిజమైనట్టు, ఆమెకు సున్నా ఖాయం.

"ఒక్క సంతకంతో పోయేదానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు మా ఆయన. "ఆడదానికి అంత పట్టుదల దేనికమ్మా" అంది అత్తయ్య. వాళ్లకేం తెలుసు అనలేను. కూర బాగా కుదిరితే అత్తయ్య చెప్పినట్టే చేశానన్నాను. ఆయన ఆఫీసు రిపోర్టులు నేను రాస్తే ఆయన పేరుతో వెళ్లాయి. నా పని నాది కాదని ఒప్పుకోవడం నాకు ఇంట్లోనే అలవాటైంది. ఒళ్లు మండింది, ఎక్కువగా నా మీదే.

మర్నాడు హెడ్మాస్టరు గదిలో కాగితం, పెన్ను సిద్ధంగా ఉన్నాయి. అమ్మాయి గోడవారగా నిలబడింది. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు తట్టింది: నియమం రాసిన నేనే, నిన్నటి నుంచి కుమిలిపోతున్న నేనే, ఆ పిల్లను ఒక్క మాట అడగలేదు. సిగ్గేసింది.

"ఎలా రాశావమ్మా?"

"మూడుసార్లు తిరగరాశాను మేడం. చిత్తు పుస్తకం క్లాసులో ఉంది. తెమ్మని ఎవరూ అనలేదు."

"ముందు సంతకం కానివ్వండి మేడం" అన్నారు హెడ్మాస్టరు గారు, గడియారం చూస్తూ.

"వెళ్లి తీసుకురా తల్లీ" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "పెడతాను సార్. ఆ ఎనిమిది పేజీలు ఇటివ్వండి, వాటి కింద పెడతాను."